కలెక్టరేట్‌లో మహిళా సంఘం క్యాంటీన్: రొట్టెకి ఐదు స్టార్లు, రేట్ల బోర్డుకి రెండే

ముందే చెప్తున్నా, కొంచెం పెద్ద రివ్యూ ఇది, తిండి సంగతి మాత్రమే కావాలనుకునేవాళ్ళు మొదట్లో నాలుగు ముక్కలు, చివర్న టైమింగ్స్ చూసుకుని వెళ్ళిపోవచ్చు. మా జిల్లా కలెక్టరేట్ కాంపౌండ్‌లో మహిళా సంఘం వాళ్ళు నడిపే క్యాంటీన్ గురించి రాస్తున్నా. ఊరి పేరు వెయ్యట్లేదు, ఎందుకంటే కింద వాళ్ళ లెక్కలు కూడా రాశాను, వాళ్ళని అడిగే రాశాను గానీ ఊరి పేరు మాత్రం వద్దు మేడమ్ అన్నారు. తెలంగాణలో 2024 నుంచి ఇందిరా మహిళా శక్తి పేరుతో ఇలాంటి క్యాంటీన్లు చాలా చోట్ల పెట్టారు కాబట్టి మీ దగ్గర కూడా ఒకటి ఉండే ఉంటది, ఏదో ఆఫీసు గేటు లోపల, వేపచెట్టు పక్కన, రేకుల షెడ్డులో.

నా పని అకౌంట్స్. చిన్న షాపులకి, కొన్ని హోటళ్ళకి లెక్కలు రాసి జీఎస్టీ రిటర్న్‌లు వేస్తుంటా, కాబట్టి ఎక్కడ తిన్నా ప్లేట్ కన్నా ముందు బోర్డు మీద రేటు చూసే అలవాటు, అది జబ్బు అని మా ఇంట్లో వాళ్ళు అంటారు, అననీ.

సరే తిండి. ఇక్కడికి జనం వచ్చేదే జొన్న రొట్టె కోసం. పదకొండున్నరకి మొదలవుతది. రొట్టెలు చేసే అక్కకి యాభై దాటి ఉంటాయి, ముందు బేసిన్‌లో పిండి, పక్కన సలసల కాగే నీళ్ళు, ఒక్క రొట్టెకి ఎంత కావాలో అంతే పిండి కలుపుతది తప్ప మొత్తం ఒకేసారి కలిపి పెట్టుకోదు, పెట్టుకుంటే జిగి పోయి అంచులు పగులుతాయట. పీట మీద పొడిపిండి చల్లి ముద్దని అరచేత్తో తడుతూ తిప్పుతుంటే చూస్తుండగానే ప్లేటంత అయిపోతది, రెండు చేతుల్లోకి తీసుకుని పెనం మీద వేసి, పైన తడి గుడ్డతో ఒక్కసారి తుడిచి, ఆ తడి ఆరేలోపు పక్క రొట్టెకి పిండి కలపడం మొదలుపెడతది. చివర్న మంట మీద పెడితే బుస్సున పొంగుతది. రొట్టెలు చేసే మిషన్ కూడా ఒకటి ఉంది, మూలన కవర్ కప్పి పెట్టారు, అడిగితే "దాంట్ల జేస్తె అప్పడం అయితది, రొట్టె గాదు" అంది, విషయం అక్కడితో అయిపోయింది. రొట్టె ఒకటి 15 రూపాయలు. ఎల్లిపాయ కారం ఫ్రీ. రెండు రొట్టెలు, వంకాయ కూర, ఉల్లిగడ్డ ముక్కలు, ఇంతకన్నా మంచి మధ్యాహ్న భోజనం మా టౌన్‌లో ఇంకో చోట దొరకదు, ఈ మాట మీద ఎవరితోనైనా వాదిస్తా.

మీల్స్ నేను లెక్క చూసినప్పుడు 70 రూపాయలు, ఈ మధ్యే 80 చేశారు, ఆ సంగతి చివర్న చెప్తా. అన్నం, పప్పు, ఒక కూర, ఒక రోటి పచ్చడి, సాంబారో పచ్చిపులుసో ఏదో ఒకటి, పెరుగు, అప్పడం. అన్నం పప్పు ఎంత అడిగితే అంత, మొహం చిట్లించకుండా వడ్డిస్తారు. దోసకాయ పప్పు ఉన్న రోజు అదృష్టం అనుకోండి. పచ్చిపులుసు అయితే ఇంట్లో చేసినట్టే, చింతపండు చేత్తో పిసికి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి కాల్చి నలిపి, నువ్వుల పొడి వేసి. బుధవారం అదే రేటుకి గుడ్డు కూర కూడా పెడతారు. పొద్దున ఇడ్లీ, ఉప్మా, బోండా ఉంటాయి, ఇడ్లీ బాగుంటది, ఉప్మా జోలికి పోకండి.

బాగోలేనివి కూడా చెప్పాలి కదా. సాంబారు నీళ్ళు, రోజూ అంతే, చెప్పినా మారలేదు. చాయ్‌లో చక్కెర పాయసంలో వేసినట్టు వేస్తారు, తక్కువ కావాలంటే ముందే చెప్పాలి. చేతులు కడుక్కోవడానికి ఒకటే నల్లా, సోమవారం ప్రజావాణి ఉంటది కాబట్టి ఊళ్ళ నుంచి అర్జీలు పట్టుకుని జనం వస్తారు, ఆ రోజు నల్లా దగ్గర లైను, బెంచీల దగ్గర లైను, కౌంటర్ దగ్గర లైను, పన్నెండున్నర దాటితే రొట్టె మీద ఆశ వదులుకోవాలి. ఫ్యాన్ ఒకటే, అది కూడా కౌంటర్ మీద తిరుగుతది, మన మీద కాదు. పనిచేసే వాళ్ళకి బాత్‌రూమ్ షెడ్డు దగ్గర లేదు, ఆఫీసు బిల్డింగ్‌లోకి వెళ్ళి రావాలి, ఆ బిల్డింగ్‌కి సాయంత్రం తాళం వేస్తారు, అంట్లు తోమే వాళ్ళు మాత్రం ఇంకా ఇక్కడే ఉంటారు. పదిమంది ఆడవాళ్ళు పొద్దంతా పనిచేసే చోటుకి ప్లాన్ గీసిన వాళ్ళకి ఆ ఆలోచనే రాలేదు.

ఇక రేట్ల బోర్డు. రెండు స్టార్లు ఎందుకు ఇచ్చానంటే రేట్లు ఎక్కువ ఉన్నాయని కాదు, మరీ తక్కువ ఉన్నాయని. ఇదేం కంప్లైంట్ అనుకుంటారేమో, నాకు తెలిసి ఈ క్యాంటీన్‌లో ఉన్న అసలు లోపం ఇదొక్కటే, మిగతావన్నీ ఒక నల్లా, రెండు ఫ్యాన్లతో పోయేవి.

క్యాష్ కౌంటర్‌లో కూర్చునే చెల్లె డిగ్రీ చదివింది, లెక్క పక్కాగా రాస్తది. నేను జీఎస్టీ పని చేస్తానని తెలిసి ఒక రోజు బుక్కు ముందు పెట్టి "కొంచెం చూడండి మేడమ్, అమ్మకం మంచిగనే ఉంది గానీ చేతికి ఏం మిగులుతలేదు" అంది. చూశా. మామూలు రోజున మీల్స్ 150 పోతాయి, అంటే 10,500. టిఫిన్లు, రొట్టెలు, చాయ్ కలిపి ఇంకో 4,000. మొత్తం 14,500. ఖర్చు వైపు వస్తే మీల్స్ సరుకులు ప్లేటుకి 40 చొప్పున 6,000, టిఫిన్, చాయ్ సరుకులు 2,200, గ్యాస్ 900, నీళ్ళ క్యాన్లు, సబ్బులు, కరెంటు, కవర్లు కలిపి 600, జీఎస్టీలో చిన్న వ్యాపారాలకి ఉండే కాంపొజిషన్ స్కీమ్‌లో ఉన్నారు కాబట్టి అమ్మకం మీద 5 శాతం జీఎస్టీ అంటే 725, బ్యాంకు లోన్ కిస్తీ నెలకి 39 వేలు అంటే తెరిచిన రోజుకి సుమారు 1,500. అన్నీ పోగా 2,575. పదిమంది. తలా 257 రూపాయల 50 పైసలు.

ఉపాధి హామీ పనికి 2025-26లో మన రెండు రాష్ట్రాల్లోనూ రోజు కూలి 307. అంటే చెరువులో మట్టి తవ్వడానికి పోయినా వీళ్ళకి ఇక్కడికన్నా 50 రూపాయలు ఎక్కువ వస్తాయి. నేను లెక్కలు రాసే ఒక హోటల్‌లో వంట మాస్టర్‌కి రోజుకి 1,100 ఇస్తారు, భోజనం వాళ్ళదే, పొద్దున పది దాటాక వస్తాడు, అంట్లు ముట్టుకోడు. ఆయన చేసే సాంబారు కూడా నీళ్ళే.

మీల్స్ 70 అని ఎలా పెట్టారు అని అడిగా. సరుకుల ఖర్చు వేసుకున్నాం, గ్యాస్ వేసుకున్నాం, కిస్తీ వేసుకున్నాం, పైన కొంచెం పెట్టుకున్నాం అన్నారు. మీ కూలి వేసుకున్నారా అంటే ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ప్రెసిడెంట్ అక్క నవ్వి "మనం జేసుకునే పనికి కూలేంది బిడ్డా" అంది. అదీ సంగతి. ఇంట్లో వండినప్పుడు బియ్యానికి లెక్క ఉంటది, నూనెకి లెక్క ఉంటది, వండిన మనిషికి లెక్క ఉండదు, అదే లెక్క తీసుకొచ్చి షెడ్డులో బోర్డు మీద రాశారు. మనం 70 రూపాయలకి కడుపు నిండా తిని భలే చీప్ అనుకుంటున్నామంటే ఆ తేడా ఎవరో కడుతున్నారు, గవర్నమెంట్ మాత్రం కాదు.

ఇది కొందరికి తెలియదు కాబట్టి చెప్తున్నా. హైదరాబాద్‌లో 2014 నుంచి 5 రూపాయల భోజనం ఉంది, ఆంధ్రాలో అన్న క్యాంటీన్లలో కూడా 5 రూపాయలే, అక్కడ మిగతా డబ్బు సర్కారు, మున్సిపాలిటీ, దాతలు భరిస్తారు. ఇక్కడ అలాంటిదేమీ లేదు. ఇది లోన్ తీసుకుని పెట్టుకున్న వ్యాపారం. అయినా వచ్చేవాళ్ళు "మీకు సర్కార్ ఇచ్చింది గదా, 5 రూపాయలకి పెట్టాలె" అని కౌంటర్ దగ్గర వాదిస్తారు, నేను చెవులారా విన్నా. సర్కార్ ఇచ్చింది షెడ్డు. కేరళలో కుటుంబశ్రీ అనే మహిళా సంఘాల వాళ్ళు 2020లో జనకీయ హోటళ్ళు పెట్టి 20 రూపాయలకి భోజనం పెట్టారు, కాకపోతే ప్రతి ప్లేటుకి పది రూపాయలు ప్రభుత్వం ఇచ్చేది, 2023లో ఆ సబ్సిడీ ఆపేశాక భోజనం 30కి పెంచాల్సి వచ్చింది. సబ్సిడీ అంటే అది, ఎవరిస్తున్నారో కాగితం మీద కనిపిస్తది. మన షెడ్డులో సబ్సిడీ ఇస్తున్నది ఆ పదిమందే, కాగితం మీద ఎక్కడా కనపడదు.

రేటు 90 చేస్తే ఏమవుతదో కూడా లెక్క వేసి చూపించా. భయం ఏంటంటే జనం తగ్గుతారని. తగ్గనీ, 20 మంది రారు అనుకుందాం, 130 మీల్స్. 11,700 వస్తది, మిగతా 4,000 మామూలే, మొత్తం 15,700. సరుకులు 5,200కి తగ్గుతాయి, జీఎస్టీ 785 అవుతది, మిగతా ఖర్చులు అవే. చేతికి 4,515. తలా 451 చిల్లర. ఇరవై ప్లేట్లు తక్కువ వండి, ఇరవై ప్లేట్లు తక్కువ తోమి, దాదాపు 200 ఎక్కువ. మా టౌన్ బస్టాండ్ ఎదురుగా ఇంతకన్నా చెత్త మీల్స్ 110, అక్కడ రెండోసారి పప్పు అడిగితే సర్వర్ వినపడనట్టు వెళ్ళిపోతాడు. ఈ లెక్క చూసి చెల్లె కళ్ళు వెలిగాయి గానీ మిగతా వాళ్ళు మాత్రం "మీటింగ్ పెట్టుకుంటం మేడమ్" అన్నారు. సంఘాల్లో మీటింగ్ పెట్టుకుంటం అంటే ఏంటో తెలిసినవాళ్ళకి తెలుసు.

రొట్టెల అక్క సంగతి చెప్తే ఇది ఇంకా బాగా అర్థమవుతది. ఆమె ఇక్కడికి రాకముందు పద్దెనిమిదేళ్ళు భర్త టిఫిన్ సెంటర్‌లోనే ఉంది. పిండి రుబ్బేది ఆమె, చట్నీ ఆమె, దోసెలు పోసేది ఆమె, గల్లాపెట్టె దగ్గర ఆయన. సర్వే వాళ్ళు వస్తే ఆమెని ఎలా రాసుకుంటారో తెలుసా, ఇంటి వ్యాపారంలో జీతం లేని సహాయకురాలు. మన దేశంలో పనిచేస్తున్న ఆడవాళ్ళలో మూడో వంతుకి పైగా ఈ కేటగిరీయే అని గవర్నమెంట్ లేబర్ ఫోర్స్ సర్వేలే చెప్తాయి. 2017-18లో 23.3 శాతం ఉన్న ఆడవాళ్ళ లేబర్ ఫోర్స్, అంటే ఆడవాళ్ళలో పనిచేసే లేదా పని వెతుక్కునే వాళ్ళ వాటా, 2023-24కి 41.7 అయ్యిందని పేపర్లలో సంతోషంగా రాశారు, సంతోషమే, కాకపోతే ఆ పెరిగిన దాంట్లో జీతం చేతికి రాని సహాయకురాళ్ళు కూడా ఉన్నారని గుర్తుపెట్టుకుని చదవాలి. ఈ అక్క ఇప్పుడు 257 తీసుకుంటోంది, తక్కువే, కానీ పద్దెనిమిదేళ్ళలో తన చేతికి కూలి అని వచ్చిన మొదటి డబ్బు ఇది. దాంతో మొదట ఏం కొన్నావక్కా అంటే కళ్ళద్దాలు అంది. పిండి కలిపేటప్పుడు కొంగుతో తుడుచుకుంటూ ఉంటది, అవే.

ఇంకో పక్క ఇల్లు ఉంది. వీళ్ళు షెడ్డుకి ఆరున్నరకి రావాలంటే నాలుగింటికి లేవాలి, ఇంట్లో వంట, పిల్లల బాక్సులు, అత్తగారికి మందులు చూసి రావాలి, సాయంత్రం ఐదు దాటి ఇంటికెళ్ళి మళ్ళీ పొయ్యి దగ్గరికే. జనం రోజులో ఏ పనికి ఎంత టైమ్ పెడతారో చూసే గవర్నమెంట్ టైమ్ యూజ్ సర్వే 2024లో చేశారు, అందులో ఇంటి పని చేసే ఆడవాళ్ళు రోజుకి 289 నిమిషాలు జీతం లేకుండా చేస్తారని, మగవాళ్ళు 88 నిమిషాలని వచ్చింది. ఆ 88 కూడా అసలు ఇంటి పని చేసే మగవాళ్ళ సగటు, అలా చేసేవాళ్ళే నలుగురిలో ఒకరి లెక్కన ఉన్నారు. కాబట్టి క్యాంటీన్‌లో పదిగంటలు, ఇంట్లో ఐదు గంటలు, మధ్యలో ఆటో. మహిళా సాధికారత అని బ్యానర్ కట్టిన రోజు ఫోటోలో ఈ ఐదు గంటలు కనిపించవు. సాంబారు నీళ్ళగా ఎందుకు ఉంటదో ఇప్పుడు నాకు కొంచెం అర్థమవుతోంది.

ఈ మధ్య ఒక పెద్దమనిషి, రిటైర్డ్ ఉద్యోగి, నా పక్క బెంచీలో కూర్చుని ఇంటి పనికి రేటు కట్టడం ఏంటమ్మా, అది ప్రేమతో చేసేది అన్నారు. ప్రేమ సంగతి తర్వాత చూద్దాం సార్, ఇన్సూరెన్స్ వాళ్ళని అడగండి, కోర్టుని అడగండి అన్నా. రోడ్డు యాక్సిడెంట్‌లో గృహిణి చనిపోతే నష్టపరిహారం ఎంత అనే లెక్క దగ్గర ఈ దేశం ఎప్పటి నుంచో ఇంటి పనికి రేటు కడుతూనే ఉంది. మోటారు వాహనాల చట్టం షెడ్యూల్‌లో ఒకప్పుడు సంపాదన లేని జీవిత భాగస్వామికి, సంపాదించే వాళ్ళ ఆదాయంలో మూడో వంతు అని రాసి పెట్టారు, అంటే మొగుడి జీతం పెరిగితే నీ ప్రాణం రేటు పెరుగుతది. 2021 జనవరిలో సుప్రీంకోర్టులో ఇలాంటి కేసే వస్తే మన తెలుగాయన జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా తీర్పు రాసి, గృహిణుల పనికి ఆదాయం లెక్కగట్టడం అంటే ఆ పనిని గుర్తించడమే అని వివరంగా చెప్పారు, పైన చెప్పిన టైమ్ యూజ్ సర్వే ఉంది కదా, దాని 2019 అంకెలే ఆ తీర్పులో కూడా వాడారు. స్టేట్ బ్యాంక్ వాళ్ళు 2023లో ఒక రిపోర్ట్ వేశారు, ఆడవాళ్ళ జీతం లేని పని విలువ ఏడాదికి 22.7 లక్షల కోట్లు, జీడీపీలో ఏడున్నర శాతం అని. లక్షల కోట్లు అంటే మనకి ఏమీ అర్థం కాదు గానీ 257 అంటే అర్థమవుతది కదా, ఆ పెద్ద అంకెకి దగ్గర నుంచి చూస్తే కనిపించే మొహం ఇదే. పెద్దమనిషి మాత్రం ఇంకో గరిటె పప్పు అడిగారు.

ఖాతా పుస్తకం గురించి చెప్పకపోతే ఈ రివ్యూ పూర్తి కాదు. కౌంటర్ కింద పొడుగు నోటుబుక్కు ఒకటి ఉంటది, ఆఫీసుల్లో వాళ్ళు తిని రాయించుకునేది. పేరు, తారీఖు, అంకె. చాయ్, బోండా, మీల్స్, మీటింగ్ ఉంటే 40 మందికి టిఫిన్. నేను చూసిన రోజు బాకీ మొత్తం 38 వేలు దాటింది, అందులో ఒక ఆఫీసు మీటింగుల బిల్లే సగం, నెలల నుంచి రాలేదట, బిల్లు పైకి పంపాం అంటారట. కిరాణా షాపతను మాత్రం వీళ్ళకి నెల దాటితే సరుకు ఇవ్వడు. 38 వేలు అంటే దాదాపు ఒక నెల కిస్తీ. అంటే బ్యాంకు నుంచి వడ్డీకి తెచ్చి ఆఫీసర్లకి వడ్డీ లేకుండా అప్పు ఇస్తున్నారన్నమాట. అడగొచ్చు కదా అంటే, ఎట్ల అడుగుతం మేడమ్, రేపు షెడ్డు ఖాళీ చెయ్యమంటే అన్నారు. ఇదే షెడ్డులో ఏ మగ కాంట్రాక్టరో ఉంటే మీటింగ్ టిఫిన్‌కి సగం అడ్వాన్స్ ఇవ్వనిదే బోండా నూనెలో పడదు.

అప్పు విషయంలో వీళ్ళ మీద జనానికి ఉన్న అభిప్రాయం పూర్తిగా తలకిందులు. సంఘాలకి లోన్లు ఊరికే ఇస్తారు, కట్టరు అనుకుంటారు. నిజానికి దేశం మొత్తం మీద సంఘాల బ్యాంకు లోన్లలో మొండి బాకీలు సుమారు 2 శాతం. రిజర్వ్ బ్యాంక్ 2021లో సంఘాలకి తాకట్టు అడక్కుండా ఇచ్చే లోన్ పరిమితి 10 లక్షల నుంచి 20 లక్షలకి పెంచిందంటే జాలిపడి కాదు, వీళ్ళు కడతారని తెలిసి. 90ల్లో నెల్లూరు జిల్లాలో సారా ఉద్యమం అయ్యాక రోజుకి రూపాయి చొప్పున పొదుపు మొదలుపెట్టిన ఆడవాళ్ళ తరం నుంచి వస్తున్న అలవాటు ఇది. ఆ జిల్లాలోని దూబగుంటలో 1992లో సారా దుకాణాల మీదికి వెళ్ళినప్పుడు వాళ్ళ లెక్క కూడా ఇలాంటిదే, మొగుడి కూలి సాయంత్రానికి ఎటు పోతోంది, ఇంటికి ఎంత వస్తోంది అని. ప్రెసిడెంట్ అక్క 1998 నుంచి సంఘంలో ఉంది, ఒక్క కిస్తీ తప్పలేదు అని చెప్పేటప్పుడు మాత్రం గొంతు మారుతది.

ఇంకో చిన్న విషయం, నాకు మాత్రం చిన్నది కాదు. మొదట్లో ఇక్కడ ఫోన్‌పే స్కాన్ చేస్తే మగ పేరు వచ్చేది. ఎవరిది అంటే "మా ఆయనది మేడమ్, సంఘం అకౌంట్‌కి ఇంకా పెట్టలె" అంది కౌంటర్ చెల్లె. ఆయన మంచోడే కావచ్చు, రాత్రి ఇంటికెళ్ళాక లెక్క చూసి ఇస్తాడు కావచ్చు. కానీ పదిమంది కష్టం పొద్దంతా వేరే వాళ్ళ ఫోన్‌లో టింగ్ టింగ్ మని మోగుతుంటే ఈ రోజు ఎంత వచ్చింది అని తెలుసుకోవడానికి కూడా ఒకళ్ళని అడగాలి. మధ్యప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి మీద కొందరు ఎకనామిస్టులు పెద్ద స్టడీ చేశారు, అంతకు ముందు ఇంటి యజమాని అకౌంట్‌లో పడే కూలిని ఆడవాళ్ళ సొంత అకౌంట్‌లో వేసి, ఆ అకౌంట్ ఎలా వాడుకోవాలో కొంచెం నేర్పితే, వాళ్ళు ఉపాధి పనికే కాదు బయటి పనులకి కూడా ఎక్కువ వెళ్ళడం మొదలుపెట్టారు. పని మారలేదు, కూలి రేటు మారలేదు, డబ్బు పడే చోటు మారింది అంతే. ఇక్కడ ఇప్పుడు సంఘం పేరు మీదే క్యూఆర్ వచ్చింది, సౌండ్ బాక్స్ కూడా పెట్టారు, రొట్టెల అక్క పొయ్యి దగ్గర నుంచే ఎంత పడిందో వింటది, తక్కువ వినపడితే "ఓ చెల్లె, రెండు రొట్టెలకి పైసలు రాలే" అని అరుస్తది. సర్వీస్‌కి ఇంకో అర స్టార్ దీనికే.

కొంతమంది అంటారు, 2015లో మెకిన్సీ అనే కన్సల్టింగ్ కంపెనీ వాళ్ళు రిపోర్ట్ వేశారు, ఆడవాళ్ళని పనిలోకి తెస్తే పదేళ్ళలో ఇండియా జీడీపీకి 700 బిలియన్ డాలర్లు కలుస్తాయని. పదేళ్ళు అయిపోయాయి. ఇప్పుడు ఈ షెడ్డులో చూస్తే నాకు అనిపించేది ఏంటంటే, పనిలోకి తేవడం సగం కథే, వాళ్ళు ఎప్పుడూ పనిలోనే ఉన్నారు. ఆ పనికి రేటు వెయ్యడం, ఆ రేటు టైముకి చేతికి రావడం, అది మిగిలిన కథ. 451 వస్తే ఏమవుతదో వాళ్ళే చెప్పారు, కౌంటర్ చెల్లె డీఎస్సీ కోచింగ్ ఫీజు కట్టుకుంటదట, అంట్లు తోమే అక్క చిట్టీలో చేరతదట, ఇద్దరికి జీతం ఇచ్చి సాయంత్రం షిఫ్ట్ పెట్టి మిర్చి బజ్జీ కూడా వేస్తారట. మిర్చి బజ్జీ మాటే ముందు చెప్పి ఉంటే నేను ఇంత వాదించే పనే ఉండేది కాదు, మా టౌన్ మొత్తం ఓటేసేది.

ఇంతకీ మీటింగ్ అయ్యింది. 70ని 80 చేశారు. 90 అనలేకపోయారు, ప్రజావాణికి వచ్చే ముసలోళ్ళకి బరువైతది అని రొట్టెల అక్కే అడ్డుపడిందట. నేను చెప్పిన ఉపాయం ఏంటంటే సోమవారం అర్జీ కాగితం చూపించిన వాళ్ళకి పాత రేటే ఉంచండి, ఆఫీసు వాళ్ళకి 90 చెయ్యండి, జీతాలున్న వాళ్ళే కదా. దీని మీద ఇంకో మీటింగ్ పెట్టుకుంటారట. మీటింగ్ ఆర్డర్లకి సగం అడ్వాన్స్ అని మాత్రం స్కెచ్ పెన్‌తో అట్టముక్క మీద రాసి గోడకి కట్టేశారు, అది చూసి ఒక సూపరింటెండెంట్ గారు అలిగి రెండు రోజులు చాయ్‌కి రాలేదు, మూడో రోజు వచ్చారు, రోడ్డు అవతల చాయ్ 15 మరి.

వెళ్ళాలనుకునేవాళ్ళకి: పొద్దున ఏడున్నర నుంచి సాయంత్రం నాలుగున్నర, ఆదివారం, రెండో శనివారం బంద్. రొట్టె కావాలంటే పన్నెండు లోపే, సోమవారం అయితే ఇంకా ముందే. పార్శిల్‌కి స్టీల్ డబ్బా తీసుకెళ్తే కవర్ డబ్బులు పట్టుకోరు, పైగా కూర ఇంకో గరిటె పడతది. సాంబారు బదులు పచ్చిపులుసు ఉందా అని అడగండి, ఒక్కోసారి ఉండి కూడా చెప్పరు. చాయ్‌కి చక్కెర తక్కువ అని ఆర్డర్‌తో పాటే చెప్పండి. కలెక్టరేట్‌లో పనిచేసే వాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, ఆ పొడుగు నోటుబుక్కులో మీ పేరు ఉందేమో ఒకసారి చూసుకుని కట్టేయండి, మొదటి పేజీల్లోవి పోయిన ఎండాకాలానివి.